పెట్రోల్ కారు: ఏళ్ల తరబడి నడిపాక

కొత్తలో రాసి ఉంటే పికప్ గురించి, ఏసీ గురించి రాసేదాన్ని. ఇన్నేళ్లు నడిపాక బండి కంటే అది తాగే పెట్రోల్ గురించే చెప్పాలనిపిస్తోంది.

బండితో నాకు పేచీ లేదు. వేళకు ఆయిల్ మారిస్తే ఇంజన్ సతాయించదు. సస్పెన్షన్ ఫర్వాలేదు.

మైలేజీ విషయంలో మాత్రం డ్యాష్‌బోర్డ్ చూపించే అంకెను నమ్మను. ఫుల్ ట్యాంక్ కొట్టించి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు మధ్యలో తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగిస్తా. ఆ లెక్క స్క్రీన్ మీది దానికంటే కాస్త తక్కువే వస్తుంది. హైవే మీద 80 దగ్గర ఉంచితే హాయిగా ఇస్తుంది. 100కి తీసుకెళ్తే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, ఆ తేడా ట్యాంకులో తెలిసిపోతుంది. ఇంజన్ వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న తిరుగుళ్లకైతే ఇంకా దండగ. 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో శక్తి సుమారు 3 శాతం తక్కువ కాబట్టి అదీ కొంత కోస్తుంది. టైర్లలో గాలి సరిగ్గా ఉంచడం పైసా ఖర్చు లేని ఉపాయం.

అసలు లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. మామూలు ఇంజన్ అందులో ఇంచుమించు పావు వంతే చక్రాలదాకా చేరుస్తుంది, మిగతాదంతా ఎక్కువగా వేడిగా పోతుంది. చవకగా దొరికినన్నాళ్లూ ఈ వృథా ఎవరికీ పట్టలేదు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపి, బ్యారెల్ 3 డాలర్ల నుంచి 12 దగ్గరికి వెళ్లాకే అమెరికా 1975లో కార్ల మైలేజీకి చట్టం తెచ్చింది. 1986లో ధర కూలింది, పెద్ద బండ్ల మోజు మళ్లీ మొదలైంది. మనుషులం కదా!

క్రూడ్ (ముడి చమురు) ధర ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకి, అదే డిసెంబరులో 40 కిందికి జారింది. బంకులో ధర మాత్రం అంత వేగంగా దిగదు. అందులో పన్నులు, శుద్ధి ఖర్చు, రవాణా కూడా ఉంటాయి, అవి క్రూడ్‌తో పాటు అంతగా తగ్గవు.

నాకు టెన్షన్ పెట్టేది ధర కంటే, అది పెరిగినప్పుడు నేను చేయగలిగింది చాలా తక్కువ కావడం. సరదా ప్రయాణాలు మానుకుంటా, పనులన్నీ ఒకే తిరుగుడులో ముగిస్తా. ఆఫీసు దగ్గరికి జరగదు, పిల్లల బడీ జరగదు. పెట్రోల్ ఎప్పుడూ చవగ్గానే ఉంటుందన్న లెక్కతో ఊళ్లు దూరదూరంగా పెరిగాయి. బస్సో రైలో లేని చోట ఆ దూరమంతా జేబులోంచే కట్టాలి. పెద్ద ఖర్చు పెట్టి మైలేజీ పెంచే మందులు పోసినా మారేది ఇది కాదు (అవి కొనకండి, నా బండిలో తేడా ఏమీ కనిపించలేదు).

ఇంటి దగ్గర ఛార్జింగ్ లేనివాళ్లకు, తరచూ దూరాలు వెళ్లేవాళ్లకు చిన్న పెట్రోల్ కారు ఇప్పటికీ పనికొస్తుంది. ఎక్కువగా ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లయితే హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటారూ ఉండే కారు) చూడండి, బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి తిరిగొస్తుంది. నా తర్వాతి బండి అదే. పెద్ద ఎస్‌యూవీ మీద మనసుపడ్డవాళ్లు షోరూమ్‌కి వెళ్లేముందు నెల ఖర్చును ఇవాళ్టి ధరతో ఒకసారి, దానికి సగం కలిపి ఇంకోసారి వేసుకోండి.