టైప్ చేస్తూ డీ అండ్ డీ: కొత్తవాళ్లకు అవ్రే బాట్ ఎలా ఉంది?
డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో రాస్తూ, పాత్రలు పోషిస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆట ఆడాలనుకునే కొత్తవాళ్లకు అవ్రే బాట్ (పాచికలు, లెక్కలు చూసుకునే ప్రోగ్రామ్) చాలా మేలు చేస్తుంది, ఉచితం కూడా. ముందు ఈ ఆట అధికారిక వెబ్‌సైట్ డీ అండ్ డీ బియాండ్‌లో పాత్రను తయారుచేసుకోండి. తర్వాత డిస్కార్డ్‌లో ఆశ్చర్యార్థక గుర్తు పెట్టి ఇంపోర్ట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, పక్కనే పాత్ర లింకు అతికించాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: పాత్ర షేరింగ్ పబ్లిక్‌లో లేకుండా, మీ డీ అండ్ డీ బియాండ్ ఖాతా డిస్కార్డ్‌తో లింక్ అయి కూడా లేకపోతే బాట్ దాన్ని చదవలేదు. లెవెల్ పెరిగాక అప్‌డేట్ కమాండ్ ఇవ్వాల్సిందే, లేకుంటే పాత అంకెలే వాడుతుంది. చప్పుడు కాకుండా నక్కాలంటే అదే గుర్తుతో చెక్ స్టెల్త్ అని కొడితే చాలు, 20 ముఖాల పాచిక వేసి మీ బోనస్ తనే కలుపుతుంది. లెక్క అందరికీ కనిపిస్తుంది కనుక తగవుండదు.

యుద్ధంలో వంతులూ చూసుకుంటుంది. కానీ రోజుకో పోస్టు పడే ఆటలో ఒక్కరు ఆలస్యమైతే అందరూ ఆగాలి. అందుకే శత్రువు వంతు వచ్చేలోగా ఆటగాళ్లు ఏ వరసలోనైనా రాయొచ్చని డీఎంతో (ఆట నడిపే వ్యక్తితో) ముందే ఒప్పందం చేసుకోండి. పాచికలకు వేరే చానెల్ అడగండి, కథ చదవడం హాయిగా ఉంటుంది.