పరిశోధన నైతికతపై ఒక ఆన్‌లైన్ కోర్సు: డేటా దగ్గర గట్టిది, గైడ్ దగ్గర మెతకది

విశ్వవిద్యాలయాల్లో కొత్తగా పరిశోధనకు చేరేవారు తప్పనిసరిగా పూర్తిచేయవలసిన ఆన్‌లైన్ నైతికత కోర్సుల్లో ఒకదానిని ఈమధ్య మొదటి నుంచి చివరి దాకా చేశాను. కోర్సు పేరు, దాన్ని తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇదే మూసలో నడిచే కోర్సులు చాలా ఉన్నాయి కనుక నా మెప్పులోనూ ఫిర్యాదులోనూ ఎక్కువ భాగం వాటికీ వర్తిస్తుంది. ప్రతి అధ్యాయంలోనూ ఒక వీడియో పాఠం, చదువుకోవలసిన కొన్ని పేజీలు, ఆలోచించడానికి ఒక సందర్భం, ఆ తర్వాత క్విజ్ ఉంటాయి. చివరి పరీక్షలో నూటికి 80 మార్కులు తెచ్చుకుంటే సర్టిఫికెట్ ఇస్తారు. డేటాను ఎలా చూసుకోవాలో నేర్పడంలో ఈ కోర్సు చాలా బాగుంది. గైడ్‌కూ విద్యార్థికీ మధ్య, సీనియర్‌కూ జూనియర్‌కూ మధ్య జరిగే వ్యవహారాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల పక్కకు తిప్పుకుంటుంది.

మొదటి అధ్యాయం చరిత్ర. మనుషుల మీద జరిగే పరిశోధనకు హద్దులు గీసిన మూడు పత్రాలు, అంటే 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, 1964లో ప్రపంచ వైద్య సంఘం ఆమోదించిన హెల్సింకి ప్రకటన, 1979 నాటి బెల్మాంట్ నివేదిక వరసగా వస్తాయి. వీటిని కంఠస్థం చేయవలసిన తేదీలుగా కాకుండా, ఒక్కొక్కటి ఏ అన్యాయానికి జవాబుగా పుట్టిందో చెబుతూ నడిపించడం ఈ పాఠంలోని మంచి గుణం. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం 1932లో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ ప్రాంతంలో సుమారు 600 మంది నల్లజాతి పురుషులతో మొదలుపెట్టిన సిఫిలిస్ అధ్యయనం, ఆ జబ్బుకు పెన్సిలిన్ సరైన మందని స్థిరపడ్డాక కూడా రోగులకు ఆ మందు అందనివ్వకుండా 1972 దాకా ఎలా సాగిందో వివరంగా చూపించారు. అది చదివాక బెల్మాంట్ నివేదికలోని మూడు సూత్రాలు, అంటే వ్యక్తుల పట్ల గౌరవం, మేలు చేయాలన్న బాధ్యత, న్యాయం అన్నవి, ఉత్త ఆదర్శాలుగా కనిపించవు. పరిశోధన వల్ల కలిగే కష్టం ఒక వర్గం మీద పడి, లాభం మరో వర్గానికి దక్కకూడదన్న మూడో సూత్రాన్ని చాలా కోర్సులు ఒక వాక్యంతో దాటేస్తాయి. ఇక్కడ దానికి తగినంత చోటు దొరికింది. హెల్సింకి ప్రకటనకు 2024లో జరిగిన సవరణ ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఏటా నవీకరిస్తున్నామని మొదటి పేజీలోనే చెప్పుకునే కోర్సుకు ఇది తగదు.

డేటా గురించిన అధ్యాయం ఈ కోర్సుకు ప్రాణం. కల్పన, తారుమారు, గ్రంథచౌర్యం అనే మూడు పెద్ద తప్పుల నిర్వచనాలతో మొదలై, నిజాయితీగా జరిగిన పొరపాటు, అభిప్రాయ భేదం ఆ నిర్వచనాల్లోకి రావని స్పష్టం చేసి, వెంటనే పనిలోకి దింపుతుంది. ఒక అభ్యాసంలో ప్రోటీన్ పరీక్షకు సంబంధించిన చిత్రం ఇచ్చి, దానిమీద మనం ఏమేం చేయవచ్చో అడుగుతారు. చిత్రం మొత్తానికి ఒకే విధంగా వెలుతురు పెంచితే, దానివల్ల ఏ గీతా మాయం కాకపోతే, ఒప్పుకుంటుంది. ఒక మూలన ఉన్న మరకను చెరిపితే ఒప్పుకోదు. వేర్వేరు జెల్‌ల (ప్రోటీన్లను విడదీసి చూపే పలకల) నుంచి తెచ్చిన ముక్కలను పక్కపక్కన అతికిస్తే, అతుకు దగ్గర గీత గీసి, చిత్రం కింద ఆ సంగతి రాయమంటుంది. పేపర్ అందంగా కనిపించాలన్న తాపత్రయంతో చేసే చిన్న దిద్దుబాటు ఎక్కడ మోసంగా మారుతుందో ఉపన్యాసం కన్నా ఈ అభ్యాసమే బాగా చెబుతుంది.

దాని తర్వాతి అభ్యాసం ఇంకా పదునైనది. ప్రతిస్పందన సమయాల పట్టిక ఒకటి ఇచ్చి, అందులో మిగతావాటికి దూరంగా పడిన రెండు విలువలను తీసేస్తే ఫలితం గణాంకపరంగా ప్రాముఖ్యం సంతరించుకునేలా, అంటే కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయలేనిదిగా కనిపించేలా అమర్చారు. తీసేయడం తప్పని కోర్సు అనదు. ఆ నియమాన్ని డేటా చూడకముందే పెట్టుకున్నారా, చూశాక పెట్టుకున్నారా అని అడుగుతుంది. తీసేస్తే ఆ సంగతి, తీయకపోతే ఫలితం ఎలా ఉండేదన్న సంగతి, రెండూ పేపర్‌లో రాయమంటుంది. పరిశోధకులు ఎక్కువగా తడబడేది ఇలాంటి చోటే కనుక, దీన్ని తీర్పు చెప్పకుండా నేర్పడం నాకు నచ్చింది.

నోట్‌బుక్, ముడి డేటా ఎందుకు భద్రపరచాలో చెప్పడానికి అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ ఉదంతాన్ని తీసుకున్నారు. వేర్వేరు ప్రయోగాల గ్రాఫుల్లో ఒకే రకమైన నాయిస్ (కొలతల్లో యాదృచ్ఛికంగా వచ్చే ఎగుడుదిగుడు) ఉందని ఇతర శాస్త్రవేత్తలు గమనించడంతో ఆ వ్యవహారం బయటపడింది. విచారణ సంఘం 2002లో 24 ఆరోపణలను పరిశీలించి, వాటిలో 16 నిజమని తేల్చింది. ముడి డేటా ఏదని అడిగితే, కంప్యూటర్‌లో చోటు చాలక చెరిపేశానని ఆయన జవాబిచ్చారు. కోర్సు కథను ఇక్కడితో ముగించి, డేటాను ఎక్కడ, ఏ పేర్లతో, ఎన్ని ప్రతులుగా దాచాలో చెప్పే పేజీకి తీసుకెళ్తుంది. ఆ పేజీ ఉపయోగపడేదే. అయితే ఆ కథలో మిగిలిన సగం కూడా పాఠమే. సహరచయితలు అక్రమానికి పాల్పడలేదని సంఘం తేల్చినా, అంత అసాధారణమైన ఫలితాల మీద పేరు పెట్టుకున్నవారు వాటిని ఎంత లోతుగా పరిశీలించి ఉండాలన్న ప్రశ్నను కూడా అదే నివేదిక లేవనెత్తింది. ఆ ప్రశ్నను పాఠంలోకి తెచ్చి ఉంటే, తర్వాతి అధ్యాయానికి అదే మంచి ప్రవేశిక అయ్యేది.

ఆ తర్వాతి అధ్యాయం రచయితల పేర్ల గురించి. ఐసీఎంజేఈగా పేరుపడ్డ వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం పెట్టిన నాలుగు షరతులను ఇక్కడ సరిగానే వివరించారు: పరిశోధన ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పాత్ర ఉండాలి, పేపర్ రాయడంలో గానీ, విషయపరంగా సరిదిద్దడంలో గానీ పాలుపంచుకోవాలి, ప్రచురణకు వెళ్లే తుది ప్రతిని ఆమోదించాలి, పని మొత్తానికి జవాబుదారీ వహించాలి. ఈ నాలుగూ కలిసి ఉండాలనీ, నిధులు తేవడం, సాధారణ పర్యవేక్షణ చేయడం మాత్రమే సరిపోవనీ నొక్కి చెప్పారు. ఎవరు ఏ పని చేశారో 14 పాత్రలుగా విడదీసి చూపే క్రెడిట్ పద్ధతిని కూడా పరిచయం చేశారు. ఇంతవరకు బాగుంది.

తర్వాత వచ్చే సందర్భం చూడండి. ఒక పీహెచ్‌డీ విద్యార్థిని రాసిన పేపర్‌లో, దానికి ఏ పనీ చేయని సీనియర్ ప్రొఫెసర్ పేరు చేర్చమని గైడ్ అంటారు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది ఏమిటంటే, ఆమె గైడ్‌తో మర్యాదగా చర్చించాలి, అప్పటికీ తేలకపోతే సంస్థలోని నైతికతా అధికారికి తెలియజేయాలి. కాగితం మీద ఈ జవాబులో తప్పు లేదు. కానీ ఆమె ఫెలోషిప్ పొడిగింపు మీద సంతకం చేసేది ఆ గైడే. థీసిస్‌ను సమర్పణకు సిద్ధమైనదని చెప్పేది ఆయనే. రేపు ఉద్యోగానికి సిఫారసు లేఖ రాయవలసింది కూడా ఆయనే. ఫిర్యాదు చేసినవారికి ఏ రక్షణ ఉంటుంది, గైడ్ మారాలంటే దారి ఏమిటి, పేరు బయటపడకుండా సలహా ఎవరిని అడగవచ్చు అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ కోర్సులో జవాబు లేదు. ఈత రానివాడికి నీటి లోతు కొలతలు చెప్పి పంపినట్టు ఉంది. పని మొదలుకాకముందే రచయితల వరసను రాసుకుని, పని మారినప్పుడల్లా దాన్ని సవరించుకోవాలన్న సలహా ఒక్కటి ఇచ్చినా విద్యార్థికి కొంత ఆసరా దొరికేది, ఎందుకంటే ఆ సంభాషణను గైడ్ మొదలుపెట్టడం సులువు, విద్యార్థి మొదలుపెట్టడం కష్టం.

ఈ లోపం ఒక్క చోటిది కాదని చెప్పడానికి కోర్సు వాడుకున్న ఉదాహరణలే సాక్ష్యం. దక్షిణ కొరియాకు చెందిన హ్వాంగ్ వూ-సుక్ 2004, 2005లలో 'సైన్స్' అనే పత్రికలో ప్రచురించిన మూలకణాల పేపర్లలోని ఫలితాలు కల్పితమని తేలడం, పత్రిక 2006లో వాటిని ఉపసంహరించడం గురించి ఒక పెద్ద భాగం ఉంది. అందులో ఆయన ల్యాబ్‌లో పనిచేసే ఇద్దరు జూనియర్ మహిళా పరిశోధకులు ప్రయోగం కోసం తమ అండాలను ఇచ్చిన విషయం కనబడదు. దాన్ని హ్వాంగ్ స్వయంగా 2005 నవంబరులో ఒప్పుకున్నారు. పైఅధికారి ప్రయోగానికి కింది ఉద్యోగి ఇచ్చే సమ్మతి ఎంతవరకు స్వేచ్ఛగా ఇచ్చినది అవుతుంది అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. సమ్మతి పత్రాల గురించి విడిగా ఒక అధ్యాయమే ఉన్న కోర్సు దాన్ని వదిలేయడం ఆశ్చర్యంగా ఉంది.

నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సామాజిక మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడిగా ఉన్న డీడరిక్ స్టాపెల్ విషయంలోనూ అంతే. ఆయన ఏళ్ల తరబడి డేటాను కల్పించారని, 2011లో దొరికిపోయారని, 50కి పైగా పేపర్లు ఉపసంహరణకు గురయ్యాయని కోర్సు చెబుతుంది. ఒక వ్యక్తి స్వభావ లోపంగా దాన్ని ముగిస్తుంది. ఆయన గుట్టు బయటపెట్టింది ఆ విభాగంలోని ముగ్గురు యువ పరిశోధకులు. ఆయన కల్పించిన డేటాను అసలైనదని నమ్మి తమ థీసిస్‌లలో వాడుకున్న విద్యార్థులు ఉన్నారు. 2012లో వచ్చిన విచారణ నివేదిక ఆయనతోపాటు, అడగవలసిన ప్రశ్నలు అడగని పరిశోధన సంస్కృతిని కూడా తప్పుపట్టింది. గైడ్ స్వయంగా డేటా తెచ్చి చేతిలో పెడితే, అది ఎక్కడిదని విద్యార్థి ఎలా అడగాలో నేర్పే అవకాశం ఇక్కడ చేతిదాకా వచ్చి జారిపోయింది.

పేరుకు 'వృత్తి ప్రవర్తన' అని ఒక అధ్యాయం ఉంది. అందులో ఎక్కువ భాగం మర్యాదల జాబితా: సమయానికి రావాలి, సహోద్యోగులను గౌరవించాలి, రహస్యాలు కాపాడాలి. అధ్యాపకుడు తనకు దగ్గరివారైన విద్యార్థుల జవాబుపత్రాలు తానే దిద్దవచ్చా, విద్యార్థి సెమినార్‌లో చెప్పిన ఆలోచనను తన ప్రాజెక్టు ప్రతిపాదనలో వాడుకునే ముందు ఏం చేయాలి, పరిశోధక విద్యార్థి చేత సొంత పనులు చేయించుకోవడం ఎక్కడితో ఆగాలి అన్నవాటికి చోటు దక్కలేదు. విరుద్ధ ప్రయోజనాల గురించిన భాగం కొంత మెరుగు; వైద్య పత్రిక లాన్సెట్ 1998లో ప్రచురించి 2010లో ఉపసంహరించిన, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్‌ను చూపుతూ, వెల్లడించని ఆర్థిక సంబంధాలు పాఠకుడి నమ్మకాన్ని ఎలా దెబ్బతీస్తాయో వివరించారు. అయినా డబ్బు కాని ప్రయోజనాలు, అంటే స్నేహం, పోటీ, పాత కక్షలు, పీర్ రివ్యూలో (పేపర్‌ను అదే రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించడంలో) ఎలా పనిచేస్తాయో ఒక్క వాక్యంలో తేల్చేశారు.

గ్రంథచౌర్యం పాఠం సాఫ్ట్‌వేర్ చూపించే శాతం చుట్టూనే తిరుగుతుంది. సాఫ్ట్‌వేర్ కొలిచేది పోలికను. చౌర్యమా కాదా అన్నది చదివి తేల్చవలసిన మనిషి పని. ప్రయోగ పద్ధతులు రాసే భాగంలో పోలిక ఎక్కువగా కనిపించడం మామూలే, మరొకరి వాదాన్ని పూర్తిగా సొంత మాటల్లోకి మార్చి ఆధారం చెప్పకపోతే పోలిక శాతం సున్నా చూపించినా అది చౌర్యమే. ఈ తేడా పాఠంలో ఒక మూలన ఉంది, క్విజ్‌లో మాత్రం శాతాల ప్రశ్నలే వస్తాయి. కృత్రిమ మేధ గురించిన పేజీ మరీ పలచన: ఆ సాధనాలను రచయితలుగా చూపకూడదని, వాడితే వెల్లడించాలని చెప్పి ఊరుకుంది. సమీక్షకు వచ్చిన ఇతరుల రాతప్రతిని అలాంటి సాధనంలోకి ఎక్కించడం గోప్యతను ఉల్లంఘించడమేనని, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిధుల దరఖాస్తుల సమీక్షలో 2023లోనే దీన్ని నిషేధించాయని చెప్పవలసింది.

చివరి పరీక్ష సులువు. నాలుగు జవాబుల్లో అన్నిటికన్నా పొడవుగా, మర్యాదగా ఉన్నదాన్ని ఎంచుకుంటూ పోతే పాఠం చదవకుండానే గట్టెక్కవచ్చు. తప్పిన ప్రశ్నలను వెంటనే మళ్లీ రాయనిస్తారు, ఎందుకు తప్పో చెప్పరు. గైడ్‌ల కోసం విడిగా తయారుచేసిన అధ్యాయం ఒకటి ఉంది; చూశాను, అందులో విద్యార్థితో ముందే రాసుకోవలసిన ఒప్పందాల నమూనా కూడా ఉంది, బాగుంది. దాన్ని ఐచ్ఛికం చేసి, విద్యార్థులకు మాత్రం మొత్తం కోర్సును తప్పనిసరి చేయడంలోని తర్కం నాకు అంతుపట్టలేదు. కోర్సును కొనే విశ్వవిద్యాలయాలు ఆ వరసను తలకిందులు చేయగలవు, అందుకు తయారీదారు అనుమతి కూడా అక్కరలేదు.

ప్రయోగాలు, సర్వేలు చేసే పరిశోధకులు డేటా, రచయితల పేర్లు అనే రెండు అధ్యాయాలను తొందరపడకుండా చేయవలసిందని నా సలహా. సాహిత్యం, చరిత్ర వంటి రంగాలవారికి చరిత్ర పాఠం, గ్రంథచౌర్యం పాఠం తప్ప పెద్దగా పనికొచ్చేది లేదు. ఉదాహరణలన్నీ ల్యాబ్‌ల చుట్టూనే అల్లుకున్నారు. వృత్తి ప్రవర్తన కోసం మాత్రం మీ సంస్థ ఫిర్యాదుల విధానాన్ని, అందులో ఫిర్యాదు ఎవరి దగ్గరికి వెళ్తుందో, ఆ వ్యక్తి ఎవరికి జవాబుదారో విడిగా తెప్పించుకుని చదవండి. సర్టిఫికెట్ వచ్చిన తర్వాత పాఠాల పేజీలు మూసుకుపోతాయి కనుక చిత్రాల అభ్యాసాన్ని, గైడ్‌ల ఒప్పంద నమూనాను అంతకుముందే దింపుకుని దాచుకోండి.