వెయ్యిలోపు యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్: పెళ్లి క్యాసెట్లకి సరిపోతుందా?

పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఈ స్టిక్ సరిపోతుంది, కాకపోతే క్యాసెట్ ఆడించే వీసీఆర్ బాగుండాలి. డబ్బులేమైనా పెడితే దాని మీదే పెట్టండి, స్టిక్ మీద కాదు.

ముందు ద్వారకానగర్ వైపు ఒక స్టూడియోలో అక్క పెళ్లి క్యాసెట్ శాంపిల్‌కి ఇచ్చాం. పాత 4:3 బొమ్మని ఇప్పటి టీవీకి సరిపడేలా అడ్డంగా సాగదీసి ఇచ్చారు, పీటల మీద కూర్చున్నవాళ్లంతా గుమ్మడికాయల్లా తయారయ్యారు. అదేంటండీ అంటే "ఫుల్ స్క్రీన్ వస్తోంది కదా సార్" అని మళ్లీ మననే దబాయింపు. ఆ రేటుకి అట్టపెట్టెడు క్యాసెట్లు ఇచ్చే ఓపిక లేక ఆన్‌లైన్లో ఈ స్టిక్ తెప్పించాను.

పసుపు పిన్ను బొమ్మకి, తెలుపు ఎరుపు సౌండ్‌కి, అంతే. దాంతో వచ్చిన సీడీ పక్కన పడేసి ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి, ఉచితం. సెట్టింగ్స్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) ఉంటే పాల్‌కి (మన దేశపు టీవీ పద్ధతి) మార్చాలి, లేకపోతే బొమ్మ తెలుపు నలుపులో వస్తుంది, లేదా పైకీ కిందకీ పరిగెడుతుంది. క్యాప్చర్ 720x576, సెకనుకి 25 ఫ్రేములు, క్యాన్వాస్ (ఓబీఎస్‌లో బొమ్మ పరిచే చట్రం) మాత్రం 768x576 పెట్టి బొమ్మని దాని నిండా పరిస్తే మొహాలు మొహాల్లా ఉంటాయి. చెయ్యి కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలొస్తే వాటిని పోగొట్టే డీఇంటర్లేసింగ్ సెట్టింగ్‌లో యాడిఫ్ అనేది ఆన్ చేయండి. సెకనుకి 4 మెగాబిట్ల (ఎంబీపీఎస్) లెక్కన రికార్డు చేస్తే గంటకి 1.8 జీబీ దాకా అవుతుంది, 3 గంటల క్యాసెట్‌కి 3 గంటలూ పడుతుంది, ఇందులో షార్ట్‌కట్ లేదు.

రంగులు కొంచెం వెలిసినట్టొచ్చాయి, సౌండ్ మాత్రం భేష్. సినిమా పాట కలపకుండా వదిలేసిన చోట, తలంబ్రాల దగ్గర బాబాయి "ఒరేయ్, లైటు ఇటు తిప్పరా" అని వేసిన కేక కూడా పక్కాగా దొరికింది. టేపు నలిగిన చోట మాత్రం స్టిక్ ఫ్రేములు వదిలేస్తుంది, ఇక అక్కణ్ణుంచి మాట ఒకటి, పెదవి ఒకటి. అలాంటి చోట ఆపి, కొత్త ఫైల్‌గా మొదలుపెట్టడమే నయం.

వీసీఆర్ సంగతి: ఆఖరి తయారీదారు ఫునాయ్ కూడా 2016 జూలైలో చేతులెత్తేసింది కాబట్టి ఇప్పుడు దొరికేదల్లా సెకండ్ హ్యాండే. ముందు పనికిరాని క్యాసెట్ ఏదైనా వేసి చూడండి, నమిలేస్తే అదే పోతుంది.

మన వైజాగ్ ఉప్పగాలి తేమకి అసలు శత్రువు బూజు. క్యాసెట్ కిటికీలోంచి లైట్ వేసి చూస్తే టేపు చుట్ట మీద తెల్లగా పొడి చల్లినట్టు కనిపిస్తుంది. దాన్ని వీసీఆర్‌లో పెట్టారంటే టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అవి మాత్రం పక్కన పెట్టి, టేపు శుభ్రం చేసే వాళ్లకే ఇవ్వండి, ఎంత అడిగినా సరే.

ఇంకోటి, మీ దగ్గరున్నవి అరచేతిలో పట్టే మినీడీవీ క్యాసెట్లయితే ఈ స్టిక్ కొనొద్దు. అవి అసలే డిజిటల్, ఆ క్యామెరా, ఫైర్‌వైర్ పోర్టు (అలాంటి క్యామెరాల కేబుల్ పెట్టే చోటు) ఉన్న పాత కంప్యూటర్ ఉంటే క్వాలిటీ ఏమాత్రం తగ్గకుండా దింపుకోవచ్చు.