పాత సీడీ ప్లేయర్ రిపేరు, అప్‌గ్రేడ్: ఏళ్ళ తరబడి విన్నాక నా అభిప్రాయం

తిరుపతిలో మా ఇంట్లో రోజూ పాడే సీడీ ప్లేయర్ 1980ల చివర్లో తయారైంది. ముందు పలక మీద ఏ కంపెనీ పేరుందన్నది పెద్ద విషయం కాదు. లోపల ఫిలిప్స్ వాళ్ళ టీడీఏ1541ఏ డాక్ చిప్ (సీడీలోని అంకెల్ని సంగీతపు సిగ్నల్‌గా మార్చేది), దానికి ముందు ఆ అంకెల్ని సరిచేసి పంపే ఎస్ఏఏ7220 డిజిటల్ ఫిల్టర్, అటూ ఇటూ ఊగే చేతి మీద లేజర్. అప్పట్లో చాలా కంపెనీలు ఈ సెట్టునే వాడుకున్నాయి. అట్లాంటి ప్లేయర్ మీ దగ్గరుంటే ఇక్కడ చెప్పేది దాదాపుగా మీకూ పనికొస్తుంది. సూటిగా చెప్తాను: డబ్బూ ఓపికా ముందు పవర్ సప్లై మీద పెట్టండి. ఆప్‌ఆంప్‌లు (సిగ్నల్‌ని బలపరిచి బయటికి పంపే చిప్‌లు), క్లాక్‌లు (అన్నిటికీ తాళం వేసే క్రిస్టల్) ఆ తర్వాతే.

నా చేతికొచ్చినప్పుడు ఇది మొదటి పాటలు బాగానే పాడి, చివరి పాటల దగ్గర తడబడేది. బేస్ పలచగా ఉండేది. మా ఊళ్ళో చూపిస్తే "లెన్స్ పోయిండాదన్నా, దీనికి స్పేర్ దొరకదు, పక్కన పెట్టేయండి" అన్నారు. పాత ప్లేయర్లు చాలావరకు ఈ మాటతోనే పాత సామాన్ల వాడికి పోతాయి. అందుకే నాకు బాధ. నా ప్లేయర్ అసలు జబ్బు వేరు. పవర్ సప్లైలో కరెంటును నునుపు చేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం వేడికి ఎండిపోతుంది. మే నెలలో తిరుపతి ఎండ 42 డిగ్రీలు తాకుతుంటే, మూతపెట్టిన డబ్బాలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్న కెపాసిటర్ల గతి ఏమిటో ఊహించుకోండి. అవి ఎండితే కరెంటులో అలలు మిగిలిపోతాయి. లేజర్‌ని ట్రాక్ మీద నిలిపే సర్వోకి కూడా ఆ మురికి కరెంటే అందుతుంది. తప్పు కెపాసిటర్లది, నింద లెన్స్ మీద. కెపాసిటర్లన్నీ మార్చాక నా దాంట్లో అదే పాత లేజర్ చివరి పాట దాకా చదువుతోంది, ఈ రోజుకీ.

105 డిగ్రీల రేటింగ్ ఉన్నవే కొనండి, 85 వద్దు. పొద్దున రైలెక్కితే మద్రాసు రిచీ స్ట్రీట్‌లో అన్నీ దొరుకుతాయి, కానీ పాతవాటికి కొత్త తొడుగు వేసి అమ్మే సరుకూ ఉంటుంది. ఈఎస్ఆర్ మీటర్‌తో (కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచేది) చూడకుండా ఒక్కటి కూడా బోర్డు మీదికి ఎక్కించను. విలువ, ఓల్టేజ్ పాతదానికి తగ్గకూడదు, ప్లస్ మైనస్ తారుమారు కాకూడదు. ప్లగ్గు పీకి, పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

డాక్ చిప్‌కి ప్లస్ 5, మైనస్ 5, మైనస్ 15 వోల్టులు కావాలి. ఈ మూడింటికీ ఎల్ఎం317, ఎల్ఎం337 రెగ్యులేటర్లు (వోల్టేజ్‌ని నిలకడగా ఉంచేవి) పెట్టి చిన్న బోర్డు విడిగా కట్టాను. తర్వాత అసలైన పని, డాక్ చుట్టూ ఉండే పద్నాలుగు చిన్న కెపాసిటర్లు. పై బిట్ల (అంకెలో ఎక్కువ విలువున్న భాగాల) కోసం ఈ చిప్ కరెంటును సమాన భాగాలుగా విడగొడుతుంది. ఏ భాగంలోనైనా చిన్న తేడా ఉంటే అది తేలిపోయేలా వాటిని వరసగా మారుస్తూ సగటు తీస్తుంది. ఆ మార్పిడిలో మిగిలే అలను ఈ పద్నాలుగూ ఆపుతాయి. 0.1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు, కాళ్ళు వీలైనంత కురచగా కత్తిరించి, పిన్నులకు ఆనించినంత దగ్గరగా పెట్టాను. పాత బోర్డుల మీద రాగి పూత సులభంగా లేస్తుంది. సోల్డరింగ్ ఐరన్ ఒక్కచోట ఎక్కువసేపు ఆనించకూడదు, సోల్డర్‌ని విక్‌తో (అల్లిన రాగి పట్టీ) పూర్తిగా పీల్చాకే కాలు లాగాలి.

వినికిడిలో తేడా ఎక్కడంటే, అన్నమాచార్య కీర్తనల సీడీల్లో వెనక సాగే తంబురా దగ్గర. ముందు అది ఒకటే రొద. ఇప్పుడు పంచమం మీటు, సారణి మీటు, మంద్ర షడ్జం మీటు వేటికవి లేచి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం వినిపిస్తుంది. గాయని ఊపిరి తీసుకున్న క్షణంలో కూడా ఆ నాదం తెగదు. మృదంగంలో తొప్పి మోత పొట్టలోకి దిగుతుంది. నాదస్వరం పై స్థాయిలో చెవిని గీరడం పోయింది. ఇదంతా పవర్ సప్లై, ఆ పద్నాలుగు కెపాసిటర్ల చలవే అని నమ్ముతున్నాను, ఎందుకంటే అప్పటికి నేనింకేమీ మార్చలేదు.

ఆప్‌ఆంప్‌లకు సాకెట్లు పెట్టి ఎల్ఎం4562, ఓపీఏ2134 రెండూ విన్నాను. తేడా ఉంది, కొంచెమే. రెండోదాంట్లో గొంతు ఇంకాస్త నిండుగా ఉందనిపించి దాన్నే ఉంచాను. వేగంగా పనిచేసే చిప్ పెడితే దాని పవర్ పిన్నుల దగ్గరే 0.1 మైక్రోఫారడ్ ఒకటి ఉండాలి. లేకపోతే ఆసిలేషన్ మొదలై చిప్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

11.2896 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (సీడీ శాంప్లింగ్ వేగం 44.1 కిలోహెర్ట్జ్‌కి సరిగ్గా 256 రెట్లు) తీసేసి ఖరీదైన క్లాక్ పెట్టమని సలహాలిస్తారు. పెట్టి విన్నాను. నా చెవికి తేడా తెలియలేదు.

ఫిల్టర్ చిప్ పీకేసి ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ళ మధ్య కొత్తవి లెక్కగట్టి చేర్చడం) లేకుండా వినడం ఇప్పుడొక మోజు. అట్లా చేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, 22 కిలోహెర్ట్జ్ పైన అక్కర్లేని సిగ్నల్ మిగిలిపోతుంది. మొదట విన్నప్పుడు మెత్తగా, హాయిగా ఉంటుంది, కాదనను. రోజూ వినేసరికి వయొలిన్ కమాను రాపిడిలో ఉండే జీవం పోయిందనిపించి ఎస్ఏఏ7220ని మళ్ళీ దాని చోట పెట్టేశాను. అది బాగా వేడెక్కే చిప్, పైన చిన్న హీట్ సింక్ అతికిస్తే మంచిది.

అవుట్‌పుట్ దగ్గర మ్యూటింగ్ ట్రాన్సిస్టర్లు (పాట లేనప్పుడు శబ్దాన్ని ఆపేవి) తీసేవాళ్ళు జాగ్రత్త. వాటి పక్కనే డీ-ఎంఫసిస్ ట్రాన్సిస్టర్లు ఉండే ప్లేయర్లు చాలా ఉన్నాయి. అవి కూడా పోతే, ప్రీ-ఎంఫసిస్‌తో (పై స్వరాల్ని పెంచి రికార్డు చేసి) వచ్చిన తొలినాటి సీడీలు కీచుమంటూ పాడతాయి.

ఇన్నేళ్ళ వాడకంలో ట్రే బెల్టు ఒక్కటే ఇబ్బంది పెట్టింది. పాత రబ్బరు నల్లటి జిగురులా కరిగి పుల్లీకి, వేళ్ళకి అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి కొత్తది వేస్తే సరిపోయింది. ఒక్కసారే రాయగలిగే సీడీ-ఆర్‌లు చదువుతుంది, చెరిపి మళ్ళీ రాయగలిగే ఆర్‌డబ్ల్యూలు చదవదు. వాటినుంచి తిరిగొచ్చే వెలుగు ఈ కాలపు లేజర్లకు చాలదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మీ సీడీ ఒకటి వెంట తీసుకెళ్ళండి, డెబ్బై నిమిషాలు దాటినదైతే మేలు. సీడీ లోపలి నుంచి బయటికి చదవబడుతుంది కాబట్టి నేరుగా ఆఖరి పాట నొక్కి, అది పూర్తయ్యేదాకా నిలబడి వినండి. తడబడితే ధర తగ్గించి అడగండి, కానీ కొనకుండా మాత్రం రావద్దు.