డవ్‌కాట్: తలుపు తీసి ఖాళీ పెట్టె చూపించిన సర్వర్

మా ఆఫీసులో 11 మెయిల్‌బాక్సులు. వాటికి సొంత సర్వర్ పెడదామన్న తిక్క నాదే. బయటి నుంచి వచ్చే మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ అందుకుంటుంది. ఎవరి మెయిల్ వాళ్ళ ఫోన్‌కీ లాప్‌టాప్‌కీ ఇచ్చే పని డవ్‌కాట్‌ది. టిమో సిరైనెన్ రాయగా 2002లో మొదటిసారి బయటికొచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం.

ఇన్‌స్టాల్ పావుగంటలో అయిపోయింది. తర్వాత రెండు రాత్రులు నిద్ర లేదు.

లాగిన్ అవుతోంది, పాస్‌వర్డ్ తీసుకుంటోంది. ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీ. అలవాటు కొద్దీ ముందు ఫైర్‌వాల్ మీద పడ్డాను. మెయిల్ యాప్‌లు సర్వర్‌కి వచ్చే దారులైన 993, 995 పోర్టులు రెండూ తెరిచే ఉన్నాయి. అయినా దారి మూసుకుపోతే లాగిన్ మాత్రం ఎలా అవుతుంది? ఆ ఇంగితం నాకు రెండో రాత్రి గానీ రాలేదు. అప్పుడు సర్వర్‌లోనే కూర్చుని 110 పోర్టుకి టెల్‌నెట్ (సర్వర్‌తో నేరుగా టైప్ చేసి మాట్లాడే సాధనం) కొట్టి యూజర్, పాస్, స్టాట్ అని వరసగా టైప్ చేశాను. జవాబు: +ఓకే 0 0. అంటే పెట్టె తెరిచాను, అందులో సున్నా ఉత్తరాలు, సున్నా బైట్లు. డవ్‌కాట్ అబద్ధమాడలేదు. అది చూస్తున్న చోట నిజంగానే ఏమీ లేదు.

డవ్‌కాట్ సెట్టింగులు చూపే డవ్‌కాన్ఫ్ కమాండ్‌కి -ఎన్ తగిలిస్తే మనం మార్చిన సెట్టింగులు మాత్రమే చూపిస్తుంది. ఈ ఒక్క కమాండ్ కోసమైనా నాకు డవ్‌కాట్ ఇష్టం. చూస్తే మెయిల్ లొకేషన్ దగ్గర హోమ్ డైరెక్టరీలోని మెయిల్‌డిర్ (ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైల్‌గా దాచే ఫోల్డర్) అని ఉంది, నేను రాసిందే. ఇక పోస్ట్‌ఫిక్స్ తన పనులు రాసుకునే లాగ్‌లో 'డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్' అని ఉంది. ఆ ముక్క అంతకుముందు ఇరవై సార్లు చదివి, చేరిందిగా అని సంతోషపడి వదిలేశాను. అక్కడ ఉండాల్సింది 'మెయిల్‌డిర్'. పోస్ట్‌ఫిక్స్ పాత పద్ధతిలో ఒక్కొక్కరి మెయిలంతా ఒకే ఫైల్లో కుక్కుతుంటే, డవ్‌కాట్ వేరే ఫోల్డర్ ముందు కాపలా కూర్చుంది. పోస్ట్‌ఫిక్స్‌లో హోమ్ మెయిల్‌బాక్స్ సెట్టింగులో మెయిల్‌డిర్ అని రాసి చివర స్లాష్ పెట్టగానే కొత్త మెయిల్ రావడం మొదలైంది. ఆ స్లాష్ లేకపోతే మళ్ళీ ఒకే ఫైల్ అనుకుంటుంది, జాగ్రత్త.

నాకు నచ్చనిది ఒక్కటే. ఫోల్డర్ లేకపోతే డవ్‌కాట్ చడీచప్పుడు లేకుండా తనే సృష్టించుకుంటుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ పడుంటే మొదటి రాత్రే పడుకునేవాణ్ణి.

మిగతా చోట్ల ఇంత చక్కగా తప్పు చెప్పే సర్వర్‌ని నేను చూడలేదు. కనెక్షన్‌కి రక్షణ ఇచ్చే సర్టిఫికెట్ ఫైల్ దారి ముందు '<' గుర్తు పెట్టడం మరిచాను. అది మరిచిపోయి ఉంటావని లాగ్‌లో అదే రాసింది. ఒక ఫోల్డర్‌కి పర్మిషన్ చాలకపోతే ఏ ఫోల్డర్‌కి, ఏ యూజర్‌కి, ఏ పర్మిషన్ తక్కువైందో విడమరిచి చెప్పింది. కాకపోతే ఇదంతా లాగ్‌లోనే. మెయిల్ యాప్‌లో లాగిన్ కుదరలేదని మాత్రమే కనిపిస్తుంది.

2025లో వచ్చిన డవ్‌కాట్ 2.4 వెర్షన్‌కి మారేవాళ్ళు ఒక పూట కేటాయించుకోండి. పాత కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ పనిచేయదు. మొదటి సెట్టింగుగా కాన్ఫిగ్ వెర్షన్ రాయాలి, మెయిల్ లొకేషన్ స్థానంలో డ్రైవర్ (మెయిల్ దాచే పద్ధతి), పాత్ (దాచే చోటు) విడివిడిగా ఇవ్వాలి. నేను అప్‌గ్రేడ్ నోట్సు చదవకుండా మార్చి, సర్వీసు లేవక చెమటలు కక్కాను.

మెయిల్‌ను సర్వర్‌లోనే ఉంచి చూసే ఐమ్యాప్ పద్ధతి వాడే పదిమందికీ ఈ గొడవేదీ తెలియదు. మెయిల్‌ను లాప్‌టాప్‌లోకి దించుకునే పాప్3 పద్ధతి వదలనంటున్న మా అకౌంట్స్ పెద్దాయన ఒక్కరికే చిక్కొచ్చింది. పాత సర్వర్ నుంచి మెయిల్ తరలించేటప్పుడు ఉత్తరాల గుర్తింపు సంఖ్యలు మారిపోయాయి. దాంతో ఆయన లాప్‌టాప్ అన్నిటినీ కొత్తవే అనుకుని మళ్ళీ దించుకుంది. పొద్దున్నే ఫోన్: "ఏమయ్యా, మూడేళ్ళ కిందటి బిల్లులన్నీ ఇవాళ మళ్ళీ పంపించావేంటి?"