చుట్టుపక్కల పంటతో వండే చిన్న హోటళ్లు: కొన్నేళ్లు తిన్నాక నా రివ్యూ

బయట తినాలంటే కొన్నేళ్లుగా నేను ముందు వెతికేది ఇవే. పెద్ద చెయిన్లు కాదు, నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, దగ్గర్లోని రైతుల దగ్గర కూరగాయలు గుడ్లు పాలు కొని వండే చిన్న హోటళ్లు. ఈలోపు కొన్ని మూతపడ్డాయి, కొన్నింటికి ఓనర్లు మారారు, కొన్నయితే బయట బోర్డు అలాగే ఉంచి లోపల సరుకు మార్చేశాయి. కాబట్టి ఇది ఒక్క హోటల్ రివ్యూ కాదు, మొత్తం ఈ రకం గురించి. పొగడ్తా ఉంటుంది, తిట్టూ ఉంటుంది.

ముందు మంచి సంగతి చెప్తా. ఒక హోటల్ నిజంగా లోకల్ సరుకుతో నడుస్తోందని నాకు నమ్మకం కుదిరేది గోడ మీద పొలం ఫొటోలు చూసి కాదు, వాళ్ల నోట "లేదండీ" అనే మాట విని. నేను ఎక్కువగా వెళ్లే చోట కౌంటర్ పక్కన ఒక నల్లబోర్డు ఉంటుంది, సుద్దముక్కతో ఏడెనిమిది ఐటమ్స్ రాసి ఉంటాయి, మధ్యాహ్నం రద్దీ మొదలయ్యాక సర్వ్ చేసే అమ్మాయి ఒక చేత్తో ప్లేట్లు పట్టుకునే ఇంకో చేత్తో తడిగుడ్డ పెట్టి ఒక్కో లైనూ తుడిచేస్తుంటుంది. వంకాయ ఏమైంది అంటే "ఇవాళ్టికి అయిపోయింది, మళ్లీ ఎల్లుండి కోస్తారు" అంటుంది. ఎవరు కోస్తారో, ఎప్పుడు కోస్తారో ఆ అమ్మాయికి తెలుసు, నాకు కావాల్సింది అదే. అదే ఇంకో చోట అయితే పది పేజీల మెనూ, ఎండాకాలం వెళ్లినా చలికాలం వెళ్లినా అన్నీ దొరుకుతాయి, పైన పెద్దక్షరాలతో "మా పంట మా వంట" అని ఉంటుంది. ఏ నేలలోనైనా అన్ని పంటలూ ఏడాదంతా ఎలా వస్తాయండీ!

రోజుకో మెనూ పెట్టడం ఇప్పుడొచ్చిన ఫ్యాషనేం కాదు. అమెరికాలో బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ అనే ఆవిడ 1971లో షే పనీస్ అనే హోటల్ మొదలుపెట్టినప్పుడే, ఆ రోజు మంచి సరుకు ఏది దొరికితే దాన్నిబట్టి ఒకే ఒక్క భోజనం వండి పెట్టేవాళ్లు, నచ్చినా నచ్చకపోయినా అదే తినాలి. అంత పట్టుదల చిన్న హోటళ్లకి కుదరదు, కుదరాలని నేను అడగను కూడా, కానీ మెనూ పొలాన్నిబట్టి మారాలి గానీ పొలం మెనూనిబట్టి మారదు కదా.

ఇక రుచి. ఏ మాటకామాట, లోకల్ అయినంత మాత్రాన ప్రతిదీ రుచిగా ఉండదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, ఎండు పప్పులు, ధాన్యం, వీటిలో నాకు తేడా ఏమీ తెలియలేదు, అవి నిల్వ ఉండే సరుకు, పది కిలోమీటర్ల నుంచి వచ్చినా వెయ్యి కిలోమీటర్ల నుంచి వచ్చినా ఒకటే. తేడా అంతా త్వరగా పాడయ్యేవాటిలో ఉంది. స్వీట్ కార్న్ కోసిన దగ్గర్నుంచే లోపలి చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది, ఎండలో ఉంటే ఇంకా తొందరగా, అందుకే పొద్దున కోసింది మధ్యాహ్నం తింటే ఒకలా, నాలుగు రోజుల తర్వాత తింటే ఇంకోలా ఉంటుంది. ఆకుకూరలూ అంతే.

టమాటా గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. దూరం నుంచి వచ్చేవాటిని దారిలో నలిగిపోకుండా పచ్చిగా ఉన్నప్పుడే కోసి, తర్వాత ఇథిలీన్ గ్యాస్ పెట్టి ఎరుపెక్కిస్తారు, పైకి ఎర్రగా నిగనిగలాడుతుంది, కోస్తే లోపల తెల్లటి గట్టి గుజ్జు, పళ్లెంలో నీళ్లు తప్ప ఇంకేం ఉండదు. మంచి చోట తిన్న టమాటా చూడ్డానికి అందంగా ఉండదు, తొడిమ దగ్గర పగుళ్లు, ఒక పక్క సొట్ట, కానీ కత్తి పెట్టగానే గింజల చుట్టూ ఉన్న జిగురు బయటికి జారుతుంది, వాసన టేబుల్ అవతలి మనిషి దాకా వెళ్తుంది. దీనికి ఫ్రిజ్ కూడా శత్రువే. ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు, 5 డిగ్రీల చలిలో వారం పెడితే టమాటాలో వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి, బయట పెట్టినా మళ్లీ పూర్తిగా రావు, చక్కెర, పులుపు మాత్రం పెద్దగా మారవు. అంటే పక్క పొలంలోదే తెచ్చి హోటల్‌వాడు వారం రోజులు ఫ్రిజ్‌లో తోసేస్తే లోకల్ అన్న మాటకి అర్థమే లేదు. ఇలా పాడుచేసినవి కూడా తిన్నాను, పేరు గొప్ప ఊరు దిబ్బ.

పర్యావరణం కోసం అంటూ మెనూ వెనక పేరాలు పేరాలు రాస్తారే, అది నేను అసలు పట్టించుకోను. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో లెక్కేస్తే అమెరికా ఇళ్లలో తినే తిండి వల్ల వచ్చే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా మొత్తం వాటా 11 శాతమే, పండించిన చోటు నుంచి షాపు దాకా తెచ్చే భాగమైతే 4 శాతమే, 80 శాతానికి పైగా పండించే దశలోనే వస్తుంది. ఏం తింటున్నాం అన్నది ఎంత దూరం నుంచి వచ్చింది అన్నదానికంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ప్లేటు నిండా మాంసం పెట్టి ఇది పక్క ఊరిదే, భూమికి మంచిది అంటే నేను నవ్వి ఊరుకుంటా.

పైగా లోకల్ అంటే ఎంత దూరం? అన్నిచోట్లా ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. అమెరికాలో 2008 నాటి వ్యవసాయ చట్టం ఒక రుణ పథకం కోసం 400 మైళ్ల లోపు లేదా అదే రాష్ట్రంలో పండినదాన్ని లోకల్ కింద లెక్కగట్టింది, అంటే దాదాపు 640 కిలోమీటర్లు! ఇంత వదులు ఉన్నప్పుడు మోసాలు జరగవా. అక్కడే టాంపా బే టైమ్స్ పత్రిక 2016లో, ఫలానా పొలం సరుకు అని మెనూలో రాసుకున్న హోటళ్ల గురించి ఆ రైతులకే ఫోన్లు చేసి అడిగితే, కొందరు మేం వాళ్లకి అసలు అమ్మట్లేదు అన్నారు. నాకూ ఒకచోట ఇలాంటిదే తగిలింది, ఆకుకూర ఎక్కడిది అని మామూలుగా అడిగితే వెయిటర్ వంటగదిలోకెళ్లి వచ్చి "సప్లయర్ దగ్గర్నుంచి సార్" అన్నాడు, బోర్డు మీద మాత్రం రైతు ఫొటో వేలాడుతోంది. పాపం అతన్నని ఏం లాభం, ఆ హోటల్‌కి మళ్లీ వెళ్లలేదు అంతే.

అందుకే నేను అడిగేవి రెండే ప్రశ్నలు, ఈ వారం ఏం వచ్చింది, ఏం రాలేదు. రెండోదానికి ఠక్కున జవాబు వస్తే కూర్చుంటా.

ఇక చిరాకులు. పంటలు మారే మధ్యకాలంలో వరసగా కొన్ని వారాలు ఒకే రెండు కూరగాయల్ని తిప్పి తిప్పి వండుతారు, మొదటి వారం బాగుంటుంది, మూడో వారానికి ఇంట్లోనే తిందాం అనిపిస్తుంది. ఆలస్యం కూడా ఎక్కువే, రకరకాల సైజుల్లో వచ్చిన కూరగాయల్ని కడిగి తరగడానికే మనుషులు కావాలి, వీళ్ల దగ్గర మనుషులు తక్కువ. రేటు కాస్త ఎక్కువుంటుంది, కొద్దికొద్దిగా కొనేవాళ్లకి హోల్‌సేల్ ధర రాదు కాబట్టి అది అర్థం చేసుకోగలను, కానీ రేటు ఎక్కువ, పరిమాణం తక్కువ, పైగా రైతు కథ ఒక పావుగంట, ఈ మూడూ కలిపి పెట్టేవాళ్లని మాత్రం భరించలేను. వానలు ఎక్కువైన వారం ఆకుల్లో ఇసుక కూడా తగులుతుంది, చెప్తే వెంటనే ప్లేటు మార్చారు, కానీ ముందే ఇంకోసారి కడిగితే పోయేది.

ఫలానా ఐటమ్ కచ్చితంగా ఉండాలి అనే మనుషుల్ని, తిండి విషయంలో పేచీ పెట్టే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లకండి, వాళ్లకీ మీకూ నరకం. ఒక్కరో ఇద్దరో అయితే మధ్యాహ్నం మొదట్లోనే వెళ్లండి, బోర్డు ఇంకా నిండుగా ఉంటుంది. గుంపుగా వెళ్లేట్టయితే ముందురోజే ఫోన్ చేసి ఎంతమందో చెప్పండి, వాళ్లు తెచ్చుకునేది ఆ పూటకి సరిపడానే, చెప్పకుండా పదిమంది దిగితే మీ వెనక వచ్చినవాళ్లకి తుడిచిన బోర్డే మిగులుతుంది.