కోల్‌కా, స్ట్రాస్‌బర్గ్‌కా: ఏ పిచర్‌కు డబ్బు పెట్టాలి?

2019 డిసెంబరులో అమెరికా బేస్‌బాల్‌లో ఫ్రీ ఏజెంట్ (ఒప్పందం ముగిసి ఏ జట్టుతోనైనా చేరగల) స్టార్టింగ్ పిచర్లలో, అంటే మ్యాచ్ మొదటి నుంచి బంతులు విసిరేవాళ్లలో, అందరి కళ్లూ ఈ ఇద్దరి మీదే. గెరిట్ కోల్‌కు యాంకీస్ జట్టు 9 ఏళ్లకు 32.4 కోట్ల డాలర్లిచ్చింది. స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ను అతని పాత జట్టు నేషనల్స్ 7 ఏళ్లకు 24.5 కోట్లిచ్చి అట్టేపెట్టుకుంది. ఏడాదికి లెక్కేస్తే 3.6 కోట్లు, 3.5 కోట్లు. దాదాపు ఒకటే ధర!

స్ట్రాస్‌బర్గ్ అప్పుడే వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. ఆ మెరుపు ఎవరికైనా నచ్చుతుంది. నేను మాత్రం ముందు చెయ్యి ఎన్ని ఇన్నింగ్స్ (బేస్‌బాల్ మ్యాచ్‌లో మామూలుగా తొమ్మిది) తట్టుకుందో చూడాలంటాను. 2010లోనే మోచేతికి టామీ జాన్ సర్జరీ (దెబ్బతిన్న లిగమెంట్ మార్చే ఆపరేషన్) అయిన అతను 200 ఇన్నింగ్స్ దాటింది రెండు సీజన్లలోనే. కోల్ 2017 నుంచి వరుసగా మూడేళ్లు దాటాడు, వయసులోనూ చిన్న.

ఒప్పందం తర్వాత స్ట్రాస్‌బర్గ్ ఆడింది 8 మ్యాచ్‌లే. కోల్ 2023లో లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అతనికీ 2025లో మోచేతి సర్జరీ తప్పలేదు, కానీ అప్పటికే జట్టుకు ఐదు సీజన్లు ఆడిపెట్టాడు.